మలకుండ రక్షణార్థం డెల్బర్ట్ హాగెన్ చేసిన సీసా సమరం

మేఘలేశమైనా లేని ఆకాశం తూర్పుకొండల మీద అప్పుడే తోమిన రాగిచెంబువలె తళతళలాడుచుండగా, ఉత్తరదేశపు మంచుకు వెరచి వలసవచ్చిన వృద్ధవీరుల ఇల్లుబండ్లు బారులుతీరిన అరిజోనా ఎడారియందు, జెముడుకంటకపరివృతమైన శిబిరభూమిలో, డకోటా గోధుమక్షేత్రవిజేత, ఆజన్మట్రాక్టరారూఢుడు డెల్బర్ట్ హాగెన్ ఒకచేత చవక టాయిలెట్ కాగితపు చుట్టను, వేరొకచేత మూతగల గాజుసీసాను ధరించి రణోన్ముఖుడై వెలువడెను.

కిందటి శీతాకాలమున మెత్తని మందపు కాగితం బండి అడుగునున్న మలకుండంలో మైనాకపర్వతమై లేచి దారి మూసినది మొదలు, అతని ధర్మపత్ని లోర్నా భీషణప్రతిజ్ఞ పూని యున్నది.

"ఇంకొక్కసారి ఆ గొట్టం పూడిందా, బండి అమ్మేసి ఇంటికే! అక్కడ పారతో మంచు తోడుకుంటూ కూర్చుందువుగాని."

పక్కబండి వెండెల్ మడతకుర్చీ సింహాసనాసీనుడై అట్టహాసం చేసెను. "ఓయ్ పిసినారీ! ఇల్లుబండ్లకని ప్రత్యేకంగా చేసిన కాగితం వాడాలోయ్. నాలుగింతల ధర ఊరికే పెట్టారా?"

"అయితే ఆ మహారాణినీ, ఇంకో సీసానూ పట్రా. రెంటినీ ముంచుదాం."

కాగితాన్ని నీళ్లసీసాలో కుదిపి, కరిగినదానికే కుండప్రవేశం అనుగ్రహించుట ఆ శిబిరవాసుల ఆచారం. భుజసంధులు కటకటమన, కట్టుడుపళ్లు టకటకలాడ, క్షీరసాగరాన్ని చిలికిన దేవదానవులవలె ఇద్దరు ముసలివారూ చెరొక సీసాను కుదిపిరి.

"కరగవే తల్లీ!" అని డెల్బర్ట్ ఎలుగెత్తెను. "నా చలికాలమంతా నీ చేతుల్లో ఉందే!"

కుదుపు నిలిచెను. మహారాణి జలకమాడి వచ్చినట్టు చెక్కుచెదరక తేలుచుండెను. డెల్బర్ట్ ఒంటిపొర కాగితమో, ఛిన్నాభిన్నమై, ఆనవాలు లేక, సీసానిండా తెల్లని జావయై పోయెను.

"నీళ్ల తేడా అయ్యుంటుంది," అని గొణిగెను వెండెల్.

"నీ కొళాయి నీళ్లేనయ్యా!"

లోర్నా సీసాను వెలుగుకెత్తి, తలకిందులు చేసి, చాలాసేపు చూచెను.

"సరే. మార్చి దాకా ఉందాం." మళ్లీ చూచెను. "ఇది నేను పీచ్ పళ్లు నిలవపెట్టే సీసా కదూ?"

ఇట్లు డెల్బర్ట్ హాగెన్, అతిచవక కాగితపు చుట్టతో మలకుండసామ్రాజ్యమును నిష్కంటకమొనర్చి, మార్చి పర్యంతము ఎండకు ఏకచ్ఛత్రాధిపతి యయ్యెను. జయోస్తు!

మధ్యాహ్నం విజేతకూ, విజితునికీ ఒకే బల్ల మీద లోర్నా బంగాళదుంప సూప్ వడ్డించి, తానూ కూర్చుంది. తెల్లగా, చిక్కగా, అక్కడక్కడా పీలికలు తేలుతూ ఉంది. ముగ్గురూ గిన్నెల్లోకి చూశారు. అడుగంటా తిన్నారు.