వీధికి రాని వరద

అది పెద్ద వరద తర్వాత మూడో ఏడు. వరద ఆ వీధికి రాలేదు. అయినా వీధిలో ప్రతి గోడ మీదా ఎర్రరంగుతో దాని గీత ఉంది.

వరద వచ్చిన ఏడు నది పొంగి ఊళ్లో అవతలి సగం మునిగింది. మోకాలి పైకి నీళ్లొచ్చిన ఇళ్లకే సర్కారు సాయం అన్నారు. అప్పుడు ఐసు మామ బామ్మర్ది బకెట్టెడు టీ డికాషను కాచి, చీపురు ముంచి, గోడలకి వరద మరక పెట్టడం మొదలుపెట్టాడు. మొదటి ఇంటికి మోకాలి పైన పెట్టాడు. అది చూసి దర్జీ తన గోడకి నడుము దాకా పెట్టించుకున్నాడు. దర్జీని చూసి ఇస్త్రీ దుకాణం ఆయన మెడ దాకా. వీధి చివర ఐసు ఫ్యాక్టరీ దగ్గరికొచ్చేసరికి వరద తలుపు పైకెక్కి కూర్చుంది. ఆఫీసరు వచ్చి, మరకలు నమ్మి, వాటి మీద ఎర్రగీతలు గీయించి వెళ్లాడు.

ఆ ఐసు ఫ్యాక్టరీ నడిపే ముసలాయనే ఐసు మామ. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజూ ఏమీ అనకుండా చూస్తూ నిలబడ్డాడు.

మూడేళ్లలో ఐసు అడిగేవాళ్లు తగ్గిపోయారు. చివరికి చేపలవాళ్లు కూడా సొంతంగా ఫ్రీజర్లు కొనుక్కున్నారు. మిషను ఆపేస్తే రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలన్నదే ఐసు మామ దిగులు. అలాంటి రోజుల్లో బామ్మర్ది డేటా సెంటరు కబురు మోసుకొచ్చాడు.

"బావా, జనం ఫోన్లలో చూసేవన్నీ ఎక్కడో కంప్యూటర్లలో ఉంటాయి. అవి పొద్దస్తమానం పొయ్యిలా కాగుతుంటాయి. వాటికి చల్లటి చోటు కావాలి, పెద్ద కరెంటు లైను కావాలి, నీళ్లు కావాలి. మనకి మందం గోడలున్నాయి, లైనుంది, బావి ఉంది. ఇంకేం కావాలి?"

"నన్నుంచుకుంటారా?" అన్నాడు ఐసు మామ.

"చల్లబెట్టడం నీకంటే ఎవడికొచ్చు బావా!"

"ఉంచుకుంటే వాళ్లకి పుణ్యముంటుంది. ఈయన పొద్దంతా ఇంట్లో కూచుంటే నేనెళ్లి ఆ కంప్యూటర్ల మధ్య పడుకోవాలి," అంది భార్య లోపల్నించి.

కంపెనీ ఇంజనీరమ్మ వచ్చే పొద్దున ఐసు మామ నేలంతా కడిగాడు. గాజులా ఉన్న ఐసు దిమ్మ ఒకటి తీసి గుమ్మంలో పెట్టాడు. అంతా చూపించి, తొమ్మిదింటికల్లా పంపించేసి, మళ్లీ మిషను వేసుకోవాలని ఆయన పథకం.

ఇంజనీరమ్మ గోడలు తట్టింది, బావిలోకి తొంగిచూసింది, మీటరు చూసి తలాడించింది.

"బాగుందండీ. వరద గానీ వచ్చిందా ఎప్పుడైనా?"

"చుక్క రాలేదమ్మా," అన్నాడు బామ్మర్ది.

ఆవిడ తలెత్తి తలుపు పైకి చూసింది. "మరి ఆ గీత?"

"అదా... పిల్లల ఎత్తు కొలుచుకునే గీతండీ."

"ఏడడుగుల పిల్లలా?"

గీత ఉన్నచోట డేటా సెంటరు పెట్టకూడదని ఈ నెలే రూలు వచ్చిందని, వచ్చే వారం ఆఫీసరు మళ్లీ కొలవడానికి వస్తాడని, వీధివాళ్లంతా నీళ్లు రాలేదని చెప్తే గీత తీసేస్తారని ఆవిడ చెప్పి వెళ్లింది.

సాయంత్రం బామ్మర్ది వీధిని పోగుచేశాడు. మాట పూర్తికాకముందే దర్జీ లేచాడు.

"రాలేదంటే ఇచ్చిన సాయం వెనక్కి కట్టమంటారు. నా కొత్త కుట్టుమిషను వరద ఇచ్చిందే. నీ బావ ఐసు కోసం మా వరద పోగొట్టుకుంటామా?"

"నీ వరద ఏంటయ్యా, నా డికాషనది!"

"పెట్టిన చెయ్యి నీదే కదా? ముందు నిన్నే పట్టుకుంటారు."

బామ్మర్ది మర్నాడే సున్నం తెచ్చి ఫ్యాక్టరీ గీత ఒక్కటీ చెరిపేశాడు. ఐసు మామ దూరంగా నిలబడి చూశాడు. అటు ఇస్త్రీ దుకాణం మెడ దాకా మునిగి ఉంది, ఎదురుగా కిరాణా కొట్టు గడ్డం దాకా మునిగి ఉంది, మధ్యలో తన ఫ్యాక్టరీ పొడిగా ఉంది.

"నీళ్లు మన గుమ్మం చూసి చుట్టు తిరిగి పోయాయా?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు బావా, నేను చూసుకుంటాను," అన్నాడు బామ్మర్ది.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే ఇంజనీరమ్మ ఫోను చేసింది. రూలు మారిందట. బావినీళ్లు వాడకూడదట, వరదనీళ్లు పట్టి దాచుకోగల చోటే కావాలట. "మీ గీత భలే ఎత్తుగా ఉంది కదండీ, అదే కావాలిప్పుడు. ఉంచండి, వస్తున్నాను!"

బామ్మర్ది రంగు డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు. పాత గీత ఎక్కడుందో సున్నం కింద కనిపించలేదు. ఎందుకైనా మంచిదని ఐసు గడ్డకట్టించే పెద్ద డబ్బా బోర్లించి, దానిమీదెక్కి, చూరు కింద గీశాడు. దిగేలోపే ఆఫీసరు వచ్చాడు. వచ్చీరాగానే బామ్మర్ది దిగిన డబ్బా ఎక్కి గీత మీద వేలు పెట్టాడు. వేలు ఎర్రబడింది.

"ఇంకా తడిగా ఉందేంటి?"

"వరద తడి సార్. మూడేళ్లయినా ఆరి చావలేదు."

అప్పుడే ఇంజనీరమ్మ కారు దిగింది. మొహం వాడిపోయి ఉంది.

"సారీ అండీ, దారిలో తెలిసింది. కంపెనీ వేరే రకం కంప్యూటర్లు తెప్పిస్తోంది. వాటిని నూనె తొట్టెల్లో ముంచి పెడతారు. చల్లటి గోడలూ అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. సోలార్ కరెంటు కోసం ఎండ బాగా ఉండే చోటికి వెళ్లిపోతున్నాం."

"నూనెలోనా?" అన్నాడు బామ్మర్ది. "వేయించడానికా?"

ఆవిడ నవ్వలేదు. ఐసు మామ ఆ పొద్దున కూడా గుమ్మంలో పెట్టిన దిమ్మ కరిగిపోతుంటే దాని వైపు చూస్తూ ఉండిపోయాడు. డేటా సెంటరు పోతే పోయింది, మిషనుంది కదా అనుకున్నాడు. రేపూ లేచి ఇక్కడికే రావచ్చు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "వరద గీత కింద పెద్ద కరెంటు లైను ఉండకూడదని నిన్నటి రూలు. మీ గీత చూరుకి ఎక్కింది. మీ మీటరు నడుము ఎత్తున ఉంది. ఇవాళే తీసేయాలి."

బామ్మర్ది రంగు డబ్బా వీపు వెనక దాచుకున్నాడు. ఐసు మామే ముందుకొచ్చాడు.

"నీళ్లు రాకపోతే?"

"రాలేదని మీరు చెప్తే మీ కరెంటు జోలికి రాను. కానీ వీధంతా సాయం వెనక్కి కట్టాలి. చెప్పండి పెద్దాయనా, ఈ గీత ఎవరు గీశారు?"

వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. దర్జీ తన మిషను మీద చెయ్యి వేసి, బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. ఐసు మామ వాళ్లందరినీ చూశాడు. తర్వాత తన మిషను వైపు చూశాడు.

"వరదే," అన్నాడు.

మధ్యాహ్నానికి కరెంటు మనిషి వచ్చి తీగ కత్తిరించాడు. ఎన్నో ఏళ్ల హోరు ఆగిపోయింది. కాసేపటికి లోపలున్న దిమ్మలన్నీ కరగడం మొదలుపెట్టాయి. నీళ్లు నేలంతా నిండి, గుమ్మం దాటి, పల్లంగా ఉన్న వీధిలోకి దిగి, ఒక్కో ఇంటి మెట్టూ పలకరించుకుంటూ పోయాయి.

"మామా! మా ఇంట్లోకి నీళ్లొస్తున్నాయి!" అని అరిచాడు దర్జీ, మిషను ఎత్తి బల్ల మీద పెడుతూ. అతని గొంతులో నిజమైన కంగారు వినడం వీధికి అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఐసు మామ ఎప్పటి వేళకే లేచి, ప్యాంటు మడుచుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. గోడకి తడి ఎంతవరకు పట్టిందో వేలితో చూసుకున్నాడు. డబ్బాలో మిగిలిన ఎర్రరంగుతో సరిగ్గా అంతవరకే, చీలమండకి కాస్త కింద, ఒక గీత గీశాడు. మోకాలి కిందిదానికి సాయం లేదని ఆయనకి తెలుసు.