ఫెయిలవ్వాల్సిన కారు

ఆ సోమవారం పొద్దున ఆర్మాస్ వేసుకున్న పథకంలో కష్టమేమీ లేదు. కాఫీ తాగాలి. కిందికి వెళ్ళి కారు స్టార్టు చేసి, పొగ గొట్టం చప్పుడు పెరిగిందో లేదో వినాలి. గురువారం కారును వార్షిక తనిఖీకి తీసుకెళ్ళాలి. అది ఫెయిలవుతుంది. దాన్ని అటునుంచి అటే తుక్కుకి ఇచ్చేసి బస్సులో ఇంటికి రావాలి.

కారు పాత సెడాన్. కాయానీ ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు వాడి అమ్మేస్తే కొన్నాడు. డాక్టరు కూడా ఎవరో వాడింది కొన్నాడు. తలుపుల కింద తుప్పు, పొగ గొట్టానికి చిల్లు. ఏటా ఏదో ఒకటి పోయేది, ఏటా ఆర్మాస్ కింద దూరి బాగుచేసేవాడు. ఈ ఏడు దూరలేదు.

అందుకు కారణం కారు కాదు, కళ్ళు. నవంబరులో ఒక సాయంత్రం, సరస్సు రోడ్డు మలుపులో, ఒక ముసలమ్మ దాటుతుందని కారు ఆపాడు. ఆమె కదల్లేదు. చీకటి పడ్డాక కోటుకి, కారు దీపాల వెలుగు పడితే మెరిసే మెరుపు బిళ్ళ కూడా తగిలించుకోకుండా తిరిగితే కార్లవాళ్ళకి ఎలా కనిపిస్తుందని విసుక్కున్నాడు. కాసేపటికి అది తపాలా పెట్టె అని తేలింది. పక్క సీట్లో భార్య హిల్కా ఉంది.

"ఇంజన్లో ఏదో చప్పుడు. విందామని ఆపాను," అన్నాడు.

"ఊఁ," అంది హిల్కా.

ఆర్మాస్ ఉద్యోగమంతా దుంగల లారీ మీదే గడిచింది. నడపడం మానేసిన మగవాడి గురించి ఆ ఊళ్ళో "బాగా నడిపేవాడు, పాపం" అంటారు, ఆ మనిషి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నా సరే. కళ్ళు పోయాయని చెప్పుకోవడం కన్నా కారు పోయిందని చెప్పుకోవడం నయం.

కిందికి వెళ్ళి కారు స్టార్టు చేశాడు. చప్పుడు లేదు. దిగి, మంచు మీద మోకాళ్ళూని చూశాడు. గొట్టానికి కొత్త అతుకు ఉంది.

తప్పు శనివారం జరిగింది. అపార్టుమెంటు ఆవిరి స్నానాల గదిలో కూర్చుని, "ఈ ఏడు ఇది గట్టెక్కదురా," అని ఆర్మాస్ నిట్టూర్చాడు. అప్పుడు పక్కన ఇద్దరున్నారు. కాలెర్వో కాగితం మిల్లులో వెల్డరుగా చేసి రిటైరైనవాడు. యోర్మా ఆ భవనం మరమ్మతులు చూసేవాడు. కాలెర్వో వేడి రాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆ గదిలో మగవాడు నిట్టూరిస్తే, అది మరోచోట గుండెలు బాదుకుని ఏడవడంతో సమానం. ఆర్మాస్‌కీ ఆ సంగతి తెలుసు. నిట్టూర్పు తనది కాబట్టి తట్టలేదు. ఊళ్ళో లేనప్పుడు మంచు తోయడానికి కారు పక్కకి జరపాల్సి వస్తుందని ఇచ్చిన రెండో తాళంచెవి కాలెర్వో దగ్గరే ఉంది.

కాలెర్వో ముంగిట్లో మంచు తోస్తూ కనిపించాడు.

"ఒరేయ్, నా కారు కింద ఎవరైనా దూరారా?"

"ఏ కారు?"

"నాకెన్ని కార్లున్నాయిరా?"

"నేనెందుకు దూరతాను? నాకు నడుం నొప్పి." అతని చెవి వెనక మసి ఉంది.

చేయలేదన్నవాడికి థాంక్స్ చెప్పడం కుదరదు, చేయొద్దని చెప్పడమూ కుదరదు. ఆర్మాస్ పైకి వెళ్ళి ఆలోచించాడు. మధ్యాహ్నం దిగి అద్దం తుడిచే వైపర్లు పీకి బాల్కనీలో దాచాడు. మంగళవారానికి కొత్త వైపర్లు వచ్చాయి. ఈసారి పక్క అద్దం ఊడదీశాడు. బుధవారానికి అద్దం కూడా వచ్చింది. ఆర్మాస్ కారు బూడిద రంగు, వచ్చిన అద్దం నీలం. యోర్మా కారు నీలం, దానికి ఇప్పుడు ఒక అద్దం తక్కువ. తలుపుల కింది తుప్పు పోయి, ఆ చోట వెల్డింగు మెరుస్తోంది.

బ్రేకుల జోలికి మాత్రం ఆర్మాస్ పోలేదు. లారీ నడిపినవాడు బ్రేకులతో ఆటలాడడు.

బుధవారం సాయంత్రం ఒక ముందు దీపం వెలగలేదు. దాన్ని తను ముట్టుకోలేదు. దేవుడున్నాడు అనుకున్నాడు. గురువారం పొద్దునకి అదీ వెలిగింది.

"నేనూ వస్తాను," అంది హిల్కా, కోటు వేసుకుంటూ. ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ తనిఖీకి రాలేదు.

తనిఖీ చేసే అమ్మాయి కారును పైకి లేపింది, సుత్తితో కింద తట్టింది, దీపం వేసి చూసింది.

"ఈ వెల్డింగు ఎవరు చేశారు?"

"నాకు తెలీదు."

"చెప్పరులెండి. నేనైనా చెప్పను, ఇంత బాగా చేసేవాడు దొరికితే." ఆమె నీలం అద్దాన్ని కాసేపు చూసింది. "రంగు వేరైతే నేరమేం కాదు. పాస్. వచ్చే ఏడు కలుద్దాం, పెద్దాయనా."

బయటికి వచ్చాక హిల్కా ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవకు. పాసైంది కదా."

"అందుకే ఏడుస్తున్నా, ముసలోడా."

ఆమె రుమాలు కోసం హ్యాండ్‌బ్యాగు తెరిచింది. రుమాలుతో పాటు ఒక బల్బు బయటికి వచ్చింది.

"అదేంటి?"

"ముందు దీపంది. బుధవారం నేనే పీకాను. గోరు విరిగింది."

"ఎందుకు?"

"ఆ రోజు తపాలా పెట్టె దగ్గర ఆగావు. ఆగావు కాబట్టి సరిపోయింది. ఆగని రోజు అక్కడ నిజంగానే ముసలమ్మ ఉంటే?"

ఆర్మాస్ కారు వైపు చూశాడు. "నీకు తెలుసా?"

"నా కళ్ళకి తపాలా పెట్టె కనిపించింది మరి."

"చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?"

తనిఖీ కేంద్రంలోకి ఇంకో కారు వచ్చింది. అది లోపలికి వెళ్ళేదాకా ఇద్దరూ పక్కకి జరిగి నిలబడ్డారు.

"నాకు సరిగ్గా కనబడటం లేదు, హిల్కా," అన్నాడు ఆర్మాస్. నవంబరులో అనాల్సిన మాట మార్చిలో బయటికి వచ్చింది. ఆమె బల్బును రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది, అతని చెయ్యి పట్టుకుంది.

కారుకి తాళం వేసి అక్కడే వదిలేశారు. ఫోన్లో బేరం పెట్టి అమ్మేద్దామనుకున్నారు. బస్సులో ఆర్మాస్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ముందున్న రోడ్డునే చూసినవాడు, ఆ ఊరికి పక్కలు కూడా ఉన్నాయని గమనించాడు.

ఇంటి ముందు దిగేసరికి కారు తన చోటులో ఉంది. లాక్కొచ్చిన తాడు ఇంకా ముందు కొక్కానికి వేలాడుతోంది. ఇంజను చల్లబడకుండా కరెంటు తీగ కూడా తగిలించి ఉంది. యోర్మా ఏదో పని మీద అటు వెళ్ళి, తనిఖీ కేంద్రం బయట కారు ఒంటరిగా నిలబడి ఉండటం చూశాడట.

"బ్యాటరీ మార్చాం," అన్నాడు కాలెర్వో, మంచు పార ఆపకుండా. "పోయినట్టుంది."

"పోలేదురా."

"పోయేదే. పాతది."

ఈసారి నిట్టూర్చకూడదని ఆర్మాస్ నిర్ణయించుకున్నాడు. శనివారం ఆవిరి గదిలో, ఇద్దరికీ వినబడేలా, మాటలు విడివిడిగా పలుకుతూ చెప్పాడు.

"నేను కారు నడపడం మానేశాను. కళ్ళు కనబడటం లేదు. తపాలా పెట్టెను చూసి ముసలమ్మ అనుకున్నాను."

ఎవరూ పాపం అనలేదు. ఆర్మాస్‌కి ఒళ్ళు తేలికపడింది.

"ఏ తపాలా పెట్టె?" అన్నాడు యోర్మా.

"సరస్సు రోడ్డు మలుపులోది."

కాలెర్వో రాళ్ళ మీద నీళ్ళు పోశాడు.

సోమవారం హిల్కా బస్సులో అటు వెళ్తూ చూసింది. తపాలా పెట్టెకి మెరుపు బిళ్ళ వేలాడుతోంది.