ఆరింటికి, బెంచీ మీద

ఆ సోమవారం పొద్దున బాబూరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకల్లా టీ ట్రాలీ తోయడం ముగించాలి, పదకొండింటి బస్సు పట్టుకోవాలి, ఇంటికెళ్ళి నిన్నటి చేపల పులుసు వేడి చేసుకోవాలి. చేపల పులుసు రెండో రోజుకే రుచి. ఎడిన్‌బర్గ్‌కు వచ్చిన మూడేళ్ళలో దేవుడు తనకు మిగిల్చిన సుఖం అదొక్కటేనని ఆయన నమ్మకం.

చీరాలలో ఆయన లారీ మెకానిక్కు, పైగా చర్చిలో సంఘ పెద్ద. ఇక్కడ భార్య సులోచన ఆసుపత్రిలో నర్సు. ఆమె వీసాకు తోకలా వచ్చిన మొగుడు ఆయన. వృద్ధులుండే కేర్ హోమ్ వంటింట్లో గిన్నెలు కడుగుతాడు, గదిగదికీ ట్రాలీ తోస్తాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాడికి ఇంకేం దొరుకుతుందని తనే అంటాడు. అదే మాట ఇంకొకరంటే నెల రోజులు మాట్లాడడు.

ట్రాలీకి చివరి మజిలీ ఏడో నంబరు గది. అందులో మిస్ ఫ్రేజర్ ఉంటుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు లెక్కల టీచరు. పదమూడో ఏట చర్చి మానేసి మళ్ళీ ఆ గడప తొక్కలేదని మొదటి రోజే చెప్పింది. ఎప్పుడూ చెయ్యి చాచి టీ అందుకునే మనిషి, ఆ రోజు కప్పు వైపే చూడలేదు.

"నా గుండెలో ఒక కవాటం పాడైందట. వచ్చే వారం గురువారం ఆపరేషన్ అంటున్నారు. సంతకం పెట్టాలా వద్దా తేలడం లేదు," అంది.

గడియారం పదీ నలభై చూపిస్తోంది. బాబూరావు ట్రాలీని గుమ్మం వైపు తిప్పుతూ, "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాను మేడం," అన్నాడు.

ఇది ముప్పై ఏళ్ళుగా ఆయన నోటికి పట్టిన అలవాటు. ఉద్యోగం పోయినవాడికీ, సంబంధం చెడిపోయినవాడికీ, బోరులో నీళ్ళు పడనివాడికీ ఇదే చెప్పేవాడు. వాళ్ళు "వందనాలన్నా" అని వెళ్ళిపోయేవారు. ఇచ్చినవాడికి బరువు లేదు, పుచ్చుకున్నవాడికి ఆశ లేదు. మర్యాద అక్కడితో సరి.

మిస్ ఫ్రేజర్ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఎప్పుడు?"

"ఆఁ?"

"ప్రార్థన. ఎన్నింటికి? ఎక్కడ?"

ఆయన యాభై ఏళ్ళ బతుకులో ఈ ప్రశ్న అడిగిన మనిషి లేదు. కంగారుగా కిటికీలోంచి చూస్తే తోటలో బెంచీ కనబడింది. "పొద్దున్నే ఆరింటికి మేడం. ఆ బెంచీ మీద. డ్యూటీ ఎక్కే ముందు," అనేశాడు.

ఆమె డైరీ తీసి రాసుకుంది.

మర్నాడు ఆయన ఎప్పటిలాగే ఆరున్నరకు వచ్చాడు. ఎనిమిదింటికి గంజి గిన్నె పట్టుకెళితే ఆమె, "బెంచీ మీద ఒక పావురం తప్ప ఎవరూ లేరు," అంది.

"వాన కదా మేడం."

"ఇది స్కాట్లాండ్. వాన సాకు కాదు."

బుధవారం నుంచి కూర్చోక తప్పలేదు. మే నెలే గాని, సముద్రం మీది గాలి చెవులు కోసేస్తోంది. కళ్ళు మూసుకుని "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టేవాడు. సగంలో బస్సు టైము గుర్తొచ్చేది, ఆ తర్వాత కునుకు పట్టేది. కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఆమె చెయ్యి ఊపేది. ఆయనా ఊపేవాడు. తాను మోసం చేస్తున్నానని ఆయనకు తోచలేదు. కూర్చుంటానన్నాడు, కూర్చున్నాడు.

కానీ మిస్ ఫ్రేజర్ ఈ ప్రార్థన సంగతి భోజనాల బల్ల దగ్గర అందరికీ చెప్పింది. శుక్రవారానికల్లా తొమ్మిదో గది డంకన్ తన మోకాలిని అప్పగించాడు. నాలుగో గది పెద్దావిడ ఇరవై ఏళ్ళ కిందట పారిపోయిన పిల్లిని అప్పగించింది. బాబూరావు నోరు మళ్ళీ పాత అలవాటుకే పోయి, అందరికీ "తప్పకుండా" అంది.

శ్రీజ నవ్వుతూ వచ్చింది. వరంగల్ పిల్ల, ఇక్కడ మాస్టర్స్ చదువుతూ, ఇదే హోమ్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది. "అంకుల్, మీరు మర్చిపోతరని అందరి పేర్లు రాసి నోటీస్ బోర్డుకు పెట్టిన. పదమూడు మంది అయిన్రు. ఆఖర్ల నా డిసర్టేషన్ గూడ ఏసిన."

"నువ్వు హిందువువి కదమ్మా!"

"అయితేంది? పాస్ అయితే చాలు నాకు."

బోర్డు మీది కాగితాన్ని మేనేజర్ హెలెన్ చూసింది. తనిఖీకి వచ్చేవాళ్ళు ఇలాంటివి చూస్తే ముచ్చటపడతారని, ఏకంగా డ్యూటీల పట్టికలోనే ఎక్కించింది: ఉదయం ఆరు, బాబూరావు, ప్రార్థన. ఏదో ఒక మాట అని బయటపడదామనుకున్నవాడికి కొరివితో తల గోక్కున్నట్టయింది.

ఇంట్లో సులోచన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అన్నం ముందు ప్రార్థన చెయ్యండంటే కూర చల్లారిపోద్దంటారు. ఎవరిదో పిల్లి కోసం చలిలో కూర్చుంటున్నారంట?"

"నెమ్మదే! మన తెలుగు చర్చి ఫెలోషిప్‌లో ఎవరికీ చెప్పకు."

"పాస్టరుగారికి నిన్ననే చెప్పేశాగా."

పాస్టర్ దయాకర్‌గారు దాన్ని తెల్లవాళ్ళ మధ్య జరుగుతున్న గొప్ప పరిచర్యగా అర్థం చేసుకున్నారు. ఊళ్ళో ఉన్న తెలుగు విశ్వాసులందరికీ కబురు వెళ్ళింది. వచ్చే బుధవారం సాయంత్రం ప్రత్యేక కూడిక, సోదరుడు బాబూరావుగారికి సన్మానం, తర్వాత బిరియాని.

ఆ బుధవారం పొద్దున మిస్ ఫ్రేజర్ ఆయన్ను ఆపింది. "సంతకం పెట్టేశాను. రేపు ఆరున్నరకు అంబులెన్స్ వస్తుంది. నువ్వు ఆరింటికి అక్కడ ఉంటావు కదా?"

"ఉంటాను మేడం."

"చూడు బాబూరావు, నేను దేవుణ్ణి నమ్మను. కానీ నువ్వు చెప్పిన టైముకు వస్తావని నమ్ముతాను. నాకు ధైర్యం అదే."

ట్రాలీ తోస్తూ వరండా సగం వరకూ వెళ్ళి ఆయన ఆగిపోయాడు. చీరాల సంఘంలో మూడొందల మంది తనను అన్నా అన్నా అనేవారు. అందులో ఒక్కరూ తన మాట మీద ప్రాణం పెట్టలేదు. రేపు మాత్రం నిజంగా ప్రార్థన చేయాలని గట్టిగా అనుకున్నాడు.

సాయంత్రం శాలువా కప్పారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఆయన వంతు వస్తే, "ఇందులో నేను చేసింది ఏమీ లేదు," అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన వేదికెక్కి చెప్పిన మొదటి నిజం అది. దాన్ని వినయమనుకుని చప్పట్లు కొట్టారు. సభ ముగిసి, బిరియాని తిని, ఇల్లు చేరి పడుకునేసరికి చాలా ఆలస్యమైంది.

గురువారం ఆయనకు మెలకువ వచ్చింది ఏడు కొట్టాక.

చొక్కా గుండీలు బస్సులో పెట్టుకుంటూ హోమ్‌కు చేరేసరికి ఏడో నంబరు గదిలో పక్క నీట్‌గా సర్ది ఉంది. శ్రీజ దుప్పట్లు మోస్తూ ఎదురొచ్చింది. "మేడమ్‌ను తీస్కపోయిన్రు అంకుల్. పాపం, కోటేసుకొని కిటికీ కాడ్నే కూసుంది, అంబులెన్స్ వచ్చేదాంక. మీరు యాడికి వొయిన్రు?"

ఆయన తిన్నగా స్టోర్ రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బంగాళాదుంపల బస్తాలకూ బ్లీచింగ్ డబ్బాలకూ మధ్య మోకరించాడు. కంఠతా వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. "ప్రభువా, నేను అబద్ధాలకోరుని. నీకు తెలుసు, ఆవిడకి తెలీదు. నా తప్పుకి ఆవిణ్ణేమీ చెయ్యకు," అన్నాడు. అంతే. ఇంకేం అనాలో తెలియక ఏడుస్తూ కూర్చుంటే, బయట నుంచి హెలెన్ గంజి మాడుతోందని కేక వేసింది.

మిస్ ఫ్రేజర్ రెండు వారాలకు తిరిగొచ్చింది. బుగ్గలు ఎర్రగా, గొంతు మునుపటిలాగే కటువుగా. హెలెన్ డైనింగ్ హాల్లో టీ పార్టీ పెట్టింది. పాస్టర్‌గారినీ, ఫెలోషిప్ వాళ్ళనూ పిలిచింది. ముప్పై మంది ముందు బాబూరావును నిలబెట్టి, ఈ ఆరోగ్యం ఈయన ప్రార్థన ఫలమే అంది.

"సాక్ష్యం చెప్పండి బ్రదర్," అన్నారు పాస్టర్‌గారు.

నవ్వి రెండు ముక్కలు చెబితే సరిపోయేది. సులోచన అప్పటికే ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది. కానీ ఎదురుగా మిస్ ఫ్రేజర్ కూర్చుని ఉంది. ఆమె మొహం చూస్తూ ఆ రెండు ముక్కలు చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"ఆ రోజు నేను రాలేదు," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "ఇంట్లో నిద్రపోయాను. అంతకుముందు వచ్చిన రోజుల్లో కూడా కళ్ళు మూసుకున్నానే గాని, చాలామటుకు బస్సు గురించి ఆలోచించాను." నాలుగో గది పెద్దావిడ వైపు తిరిగాడు. "మీ పిల్లి సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదమ్మా. నన్ను క్షమించండి."

స్టోర్ రూము సంగతి నాలిక చివరి దాకా వచ్చింది. చెబితే సగం పరువైనా దక్కేది. మింగేశాడు.

సులోచన ఫోన్ దించింది. పాస్టర్‌గారు దగ్గరకొచ్చి తెలుగులో గొణిగారు. "బ్రదర్, ఇవన్నీ ఇక్కడ అవసరమా?"

"నాకు తెలుసు," అంది మిస్ ఫ్రేజర్.

అందరూ అటు తిరిగారు.

"ఆరు దాటినా బెంచీ ఖాళీగానే ఉంది. ముందు కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. ఇతను ఏ బస్సు కింద పడ్డాడో అనుకున్నాను. చేయడానికి నాకు ఇంకేమీ తోచలేదు. అందుకని కళ్ళు మూసుకుని, ఇతను క్షేమంగా ఉండాలని అడిగాను. ఎవరిని అడగాలో తెలియలేదు. సంబంధిత అధికారిగారికి అని మొదలుపెట్టాను. నా ఆపరేషన్ సంగతి చెప్పడం మర్చేపోయాను."

బాబూరావు ఒక అడుగు ముందుకేశాడు. "ఆ టైముకి నేను హాయిగా గురక పెడుతున్నాను మేడం."

"అయితే నా ప్రార్థన పని చేసినట్టే."

"స్తోత్రం!" అన్నారు పాస్టర్‌గారు, రెండు చేతులూ పైకెత్తి.

"తొందరపడకండి," అంది మిస్ ఫ్రేజర్, టీ కప్పు అందుకుంటూ. "నాకు ఇంకా నమ్మకం కుదరలేదు."

ముప్పై మంది ఉన్న ఆ హాల్లో, ఆ గురువారం చెప్పిన వేళకు ప్రార్థన చేసిన మనిషి ఆమె ఒక్కతే.