మూడో రాయి: ఒక సమాచార లఘువీడియో

ఒకానొక మహారణ్యం. ఎంత పెద్దదంటే, దానికి సొంతంగా ఒక డిగ్రీ కళాశాల కూడా ఉంది.

వన్య మహావిద్యాలయం అనబడే ఆ సంస్థ ఒక వాగు గట్టున వెలసింది. అడవి వైపు గట్టు నుంచి కళాశాల గట్టుకు రావాలంటే వాగులో వరుసగా వేసిన ఐదు రాళ్ల మీద నడవాలి. వాటిలో మూడోది కదులుతుంది. దాని కింద మకరందం గారనే మొసలి నివసిస్తారు.

ఏటా కొత్త విద్యార్థులు ఆ రాళ్ల మీదుగానే విద్యారంగంలో అడుగుపెడతారు. కిందటేడు ముప్పై తొమ్మిది మంది బయలుదేరి, ముప్పై ఐదుగురు చేరారు. మకరందం గారు మితాహారి. తక్కిన నలుగురినీ కార్యాలయం వారు ‘చదువు మధ్యలో మానివేసినవారు’ అనే గడిలో చేర్చి, కారణం దగ్గర ‘వ్యక్తిగతం’ అని రాశారు.

ఆ రాయిని మార్చవచ్చు గదా అని అడిగినవారు లేకపోలేదు. ఆ ఫైలు మూడేళ్లుగా నిర్మాణ విభాగంలో ఉంది. ఫైలు కంటే రాయే నయం, అదైనా కదులుతుంది. చెట్టెక్కి నోటితో హెచ్చరించిన ఒక గోరువంకను, వదంతులు వ్యాపింపజేసిన నేరానికి, ఒక సెమిస్టరు పాటు బహిష్కరించారు. ఆమోదం పొందిన సమాచారం తప్ప మరేదీ విద్యార్థుల చెవిన పడరాదన్నది కళాశాల నియమం.

ఇటువంటి సంస్థలో తరళ అనే ఉడుత రెండో సంవత్సరం చదువుతోంది. ఆ ఏడు ఆమెను ‘విద్యార్థి డిజిటల్ మార్గదర్శి’గా నియమించారు. మెడలో ఒక గుర్తింపు కార్డు, చేతికి ఒక ఫోను, ఫోనును నిలబెట్టడానికి మూడుకాళ్ల స్టాండు ఇచ్చారు. కొత్తవారికి పనికివచ్చే చిన్న చిన్న వీడియోలు తీయడం ఆమె విధి. గ్రంథాలయం కార్డు ఎలా పొందాలి, పరీక్ష ఫారం ఎలా నింపాలి అన్న రెండు వీడియోలు అప్పటికే తీసింది. వాటిని అందరూ మెచ్చుకున్నారు. ఎవరూ చూడలేదు.

మూడో వీడియో మాత్రం ఆమె ఎవరూ చెప్పకుండానే తీసింది. కిందటేడు ఆ రాళ్ల మీద తన ముందు ఒక కుందేలు నడిచింది. దాని పేరు హాజరుపట్టీలో ఇప్పటికీ రోజూ పిలుస్తారు. ఎవరూ పలకరు. ఈ ఏడు నలభై ఏడుగురు రాబోతున్నారు. నలభై ఏడు పేర్లూ పలకాలన్నది తరళ కోరిక.

వీడియో నిడివి నలభై సెకన్లు. అందులో ఉన్నది ఇంతే:

“నమస్కారం. వాగు దాటేటప్పుడు మూడో రాయి మీద కాలు పెట్టకండి. దాని కింద మొసలి ఉంది. రెండో రాయి మీద నుంచి నాలుగో రాయి మీదికి దూకండి. ఇదుగో, ఇలా. కళాశాలకు స్వాగతం.”

దానిని ఆమోద సంఘం ముందు ప్రదర్శించారు. సంఘానికి అధ్యక్షులు ప్రిన్సిపాల్ ఘనకర్ణుల వారు. వారు ఏనుగు. సాంస్కృతిక విభాగం తరఫున శిఖామణి అనే నెమలి, నాణ్యతా విభాగం తరఫున జంబులింగం అనే నక్క సభ్యులు. స్థానికులకు ప్రాతినిధ్యం ఉండాలన్న నియమాన్ని అనుసరించి మకరందం గారు కూడా సభ్యులే.

“బాగుందమ్మా, చాలా బాగుంది,” అన్నారు ఘనకర్ణుల వారు. “కానీ మొదలవకముందే అయిపోయిందే!”

“లఘువీడియో కదండీ సార్.”

“నిడివి లఘువైతే మర్యాద కూడా లఘువైపోవాలా? వేదిక ఏదీ? వేదిక మీదికి ఒక్కరినైనా ఆహ్వానించావా? ఈ కళాశాలలో నీళ్ల కుండ మూత తీయాలన్నా ముందు పెద్దలను వేదిక మీదికి పిలుస్తాం.”

శిఖామణి గారు మెడ సవరించుకున్నారు. “జ్యోతి ప్రజ్వలన లేదు. స్వాగత నృత్యం లేదు. నెమలి కనిపించని వీడియో చూస్తే పిల్లలు ఏమనుకుంటారు సార్? ఏ కాకుల ట్యుటోరియల్లోనో చేరామనుకోరూ?”

“నాది సాంకేతికమైన అభ్యంతరం,” అన్నారు జంబులింగం గారు. “‘కాలు పెట్టకండి’ అనేది ప్రతికూల వాక్యం. నాణ్యతా ప్రమాణాల ప్రకారం సమాచారం సానుకూలంగా ఉండాలి. ‘మన వాగులో నాలుగు రాళ్లు ఎంతో దృఢంగా ఉన్నాయి’ అని చెప్పవచ్చును.”

“ఏ నాలుగో చెప్పకపోతే ఎలా సార్?” అంది తరళ.

“అది విద్యార్థులు స్వయంగా అన్వేషించి తెలుసుకోవాలి. దాన్నే విద్య అంటారు.”

అప్పుడు మకరందం గారు గొంతు సవరించుకుని, కళ్లు తుడుచుకున్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

“నాకు ఈ వీడియో మీద ఏ వ్యతిరేకతా లేదు. కాస్త ఏకపక్షంగా ఉందనిపించింది, అంతే. నా గురించి చెప్పారు గానీ నా మాట ఒక్కటైనా పెట్టారా? నలభై ఏళ్లుగా ఈ వాగునే నమ్ముకుని ఉన్నాను. కొత్త పిల్లలను నాకంటే ముందుగా అందుకుంటున్నది ఎవరు? మీరే చెప్పండి.”

ఘనకర్ణుల వారి చెవులు రెండూ చలించాయి. “నిజమే సుమండీ!”

తరళ ఇక ఆగలేకపోయింది. “సార్, వారు విద్యార్థులను తింటారు సార్!”



“ఏమ్మా, పెద్దల ఎదుట మాట్లాడే పద్ధతేనా ఇది?” అన్నారు అధ్యక్షులు.

“‘తింటారని ఒక అభిప్రాయం ఉంది’ అనాలి,” అని సరిదిద్దారు జంబులింగం గారు.

“పోనీలెండి, చిన్నపిల్ల,” అన్నారు మకరందం గారు ఎంతో వాత్సల్యంతో. “నేనేమీ అనుకోను. ఏ హాస్టల్లో ఉంటావు తల్లీ?”

వీడియోను తగిన గౌరవంతో మళ్లీ తీయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

చిత్రీకరణ మూడు రోజులు సాగింది. దుంగలతో వేదిక కట్టారు. పెద్దలను ఒక్కొక్కరినీ పేరు, పదవి, పూర్వపు పదవి, రావలసిన పదవి చెప్పి వేదిక మీదికి ఆహ్వానించారు. దీపం వెలిగించిన ప్రతిసారీ శిఖామణి గారు పురి విప్పడం, ఆ గాలికి దీపం ఆరిపోవడం జరిగింది. అలా ఆరుసార్లు వెలిగించారు. ఆరింటిలోనూ తన భంగిమలు వేర్వేరుగా ఉన్నాయి గనుక ఆరూ ఉంచాలన్నారు శిఖామణి గారు.

తర్వాత సన్మానాలు. ఘనకర్ణుల వారు జంబులింగం గారికి, జంబులింగం గారు శిఖామణి గారికి, శిఖామణి గారు మకరందం గారికి శాలువాలు కప్పారు. ఘనకర్ణుల వారికి కప్పడానికి నాలుగు శాలువాలు కలిపి కుట్టవలసి వచ్చింది. ఆ కుట్టడం కూడా వీడియోలో ఉంది. మకరందం గారు ‘నీటి స్వచ్ఛత, నా అనుభవాలు’ అనే అంశంపై పాతిక నిమిషాలు ప్రసంగించి, చివర్లో “రండి పిల్లలూ, భయపడకండి” అంటూ ముగించారు.

తరళ స్టాండు వెనక నిలబడి ఇదంతా చిత్రీకరించింది. మొత్తం నిడివి లెక్కిస్తే రెండు గంటల నలభై సెకన్లు తేలింది.

“నియమం ప్రకారం లఘువీడియో రెండు గంటలు దాటరాదు,” అన్నారు జంబులింగం గారు. “నలభై సెకన్లు తగ్గించాలి.”

“నా సందేశం తగ్గిస్తే సంస్థ గౌరవం తగ్గుతుంది,” అన్నారు ఘనకర్ణుల వారు.

“నా నృత్యంలో ఎక్కడ కోసినా కాలు తెగుతుంది,” అన్నారు శిఖామణి గారు.

“వందన సమర్పణలో పేరు తీసేస్తే ఊరుకునేవారు ఎవరున్నారు?” అన్నారు జంబులింగం గారు. “మరి ఎవరికీ చెందని భాగం ఏదైనా ఉందా?”

“ఉంది,” అన్నారు మకరందం గారు మృదువుగా. “రాయి గురించి ఏదో ఉన్నట్టుంది.”

“సార్, వీడియో తీసిందే ఆ నలభై సెకన్ల కోసం!” అంది తరళ.

“అవునమ్మా,” అన్నారు ఘనకర్ణుల వారు. “ఆ స్ఫూర్తి వీడియో అంతటా వ్యాపించి ఉంది. ఇక ఆ ముక్క దేనికి?”

ప్రవేశాల రోజు వచ్చింది. అడవి వైపు గట్టున రెండు టేకుచెట్ల మధ్య తెల్లని దుప్పటి కట్టి, ఉదయం తొమ్మిదింటికి ప్రదర్శన మొదలుపెట్టారు. నలభై ఏడుగురూ బుద్ధిగా కూర్చున్నారు. వీడియో పూర్తిగా చూసినవారికే వాగు దాటే అర్హత. కళాశాల గట్టున పెద్దలు పూలదండలతో సిద్ధంగా నిలబడ్డారు. మూడో రాయి కింద మకరందం గారు ముందు రోజు నుంచీ ఉపవాసం.

తరళ కొమ్మల మీదుగా వాగు దాటి వచ్చి దుప్పటి పక్కన నిలబడింది. వీడియో అయిపోగానే చెట్టెక్కి రాయి సంగతి అరిచి చెప్పాలి, బహిష్కరిస్తే బహిష్కరించనీ అని నిశ్చయించుకుంది.

మూడోసారి దీపం ఆరినప్పుడు ఒక అడవిపంది చెయ్యెత్తింది. “అక్కా, ఇది లఘువీడియోనా?”

“అవును తమ్ముడూ.”

“మరి దీర్ఘ వీడియో చూసినవాళ్లు ఎవరైనా బతికే ఉన్నారా అక్కా?”

జవాబు వినకుండానే అది నిద్రలోకి జారుకుంది. ప్రిన్సిపాల్ గారి సందేశంలో రెండో భాగం వచ్చేసరికి దుప్పులు, ముంగిసలు, ఎలుగులు, అందరూ ఒకరి మీద ఒకరు ఒరిగిపోయారు. వీడియో ముగిసింది. ఒక్కరూ లేవలేదు. గట్టంతా గురక.

తరళ చెట్టెక్కి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. నిద్రపోతున్నవాళ్లు రాళ్ల మీద కాలు పెట్టరు గదా!

అవతలి గట్టున పూలదండలు వాడిపోతున్నాయి. ఘనకర్ణుల వారు అసహనంగా తొండం ఊపారు. “జంబులింగం గారూ, మీరు వెళ్లి లేపి తీసుకురండి.”

“నేనా సార్? ఇంతకూ ఆ కదిలే రాయి ఎన్నోది?”

“వీడియోలో ఉంటుంది చూడండి.”

“తీసేశాం కదండీ.”

“సమావేశపు మినిట్స్‌లో?”

“అందులో ‘ఒకానొక రాయి’ అని రాశాను సార్. సంఖ్య వేస్తే ప్రతికూలంగా ఉంటుందని.”

“నాలుగోదే,” అన్నారు శిఖామణి గారు పూర్తి నమ్మకంతో. “నాకు బాగా గుర్తు.”

కళాశాల వైపు నుంచి లెక్కపెట్టినా మూడోది మూడోదే. జంబులింగం గారు మొదటి రాయి మీద, రెండో రాయి మీద హుందాగా అడుగులు వేసి, నాలుగోదాన్ని తాకకుండా దాటి దూకడానికి బలం చాలేటట్టు మూడో రాయి మీద రెండు కాళ్లూ గట్టిగా ఊనారు.

రాయి తిరగబడింది. నీళ్లు చీలాయి. రెండు దవడలు ఆయన తోకను పట్టుకున్నాయి. అరణ్యం అదిరేలా కేక వినిపించింది.

మకరందం గారు తలెత్తి చూసి నొచ్చుకున్నారు. “అయ్యో, మీరా! క్షమించండి జంబులింగం గారూ, విద్యార్థి అనుకున్నాను.”

క్షమాపణ చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిచిన ఆ క్షణంలోనే జంబులింగం గారు గట్టుకు దూకారు. తోక చివర జానెడు మాత్రం మకరందం గారి వద్ద ఉండిపోయింది.

ఆ కేకకు నలభై ఏడుగురూ లేచి కూర్చున్నారు. ఎన్నో రాయి, దాని కింద ఎవరు, వారి దంతాలు ఎన్ని అన్నది కళ్లారా చూశారు. తర్వాత వరుసగా లేచి, రెండో రాయి మీద నుంచి నాలుగో రాయి మీదికి ఒక్కొక్కరే దూకి కళాశాల చేరారు. తరళ కొమ్మ మీద కూర్చుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. వేళ్లు చాలక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. నలభై ఏడు.

వారం తిరగకముందే సమీక్షా సమావేశం జరిగింది.

“సంస్థ చరిత్రలో మొదటిసారి నూటికి నూరు శాతం ప్రవేశాలు!” అన్నారు ఘనకర్ణుల వారు. “ఇది కేవలం మన వీడియో ప్రభావం.” జంబులింగం గారు తోకకు కట్టుతో ఒక పక్కకు ఒరిగి కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆయన కుర్చీ మాత్రం మకరందం గారి కుర్చీకి కాస్త దూరం జరిగింది.

మకరందం గారు బాగా చిక్కిపోయారు. “నాదొక విన్నపం,” అన్నారు. “నిడివి మరీ ఎక్కువైంది. ఈ కాలపు పిల్లలకు ఓపిక తక్కువ. మన తరళ మొదట తీసిన వీడియోలో ఆ క్లుప్తత ఉందే, అది నాకెంతో నచ్చింది. వచ్చే ఏడు నలభై సెకన్లు చాలు. ఆ రాయి సంగతి కూడా అక్కర్లేదు. ‘స్వాగతం, త్వరగా రండి’ అంటే సరిపోతుంది.”

“ఆలోచించదగిన మాటే,” అన్నారు అధ్యక్షులు.

“కాస్త తొందరగా తేల్చండి,” అన్నారు మకరందం గారు ఆకాశం వైపు చూస్తూ. “పన్నెండు కావస్తోంది. మిట్టమధ్యాహ్నం ఇసుకదిబ్బ మీద పడుకుని ఎండ కాచుకోకపోతే నా దవడ ఆడదు. మళ్లీ సాయంత్రానికి గానీ నీళ్లలో దిగలేను.”

తరళ ఆ మాట విన్నది. మెల్లగా లేచి, రెండు చేతులూ జోడించింది.

“అధ్యక్షుల వారికీ, వేదికను అలంకరించిన పెద్దలకూ నమస్సులు,” అంది. ఆమె నోట అటువంటి మాట రావడం అదే మొదలు. నలుగురూ నిటారుగా కూర్చుని విన్నారు. “నలభై సెకన్లు తీసినది నా అజ్ఞానం. అసలు రెండు గంటలు మాత్రం ఏ మూలకు చాలాయి? అందులో ఘనకర్ణుల వారి బాల్యమే లేదు. శిఖామణి గారి చేత ఒక్క నృత్యమే చేయించాం. జంబులింగం గారు విద్యార్థుల కోసం చేసిన తోక త్యాగానికి ప్రత్యేక అధ్యాయం ఉండవద్దా? నియమం సవరించి, ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ప్రదర్శించాలని నా మనవి.”

చప్పట్లు మిన్నంటాయి. జంబులింగం గారి కళ్లు చెమర్చాయి.

“ఐదు గంటలా?” అన్నారు మకరందం గారు నీరసంగా.

“మీ ప్రసంగం కూడా గంట పెంచుదామండీ,” అంది తరళ.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మకరందం గారు లేచి ఇసుకదిబ్బ వైపు నడుస్తూ ఆమె పక్కన ఒక్క క్షణం ఆగారు.

“చాలా ఎదిగావు తల్లీ,” అన్నారు.

“అంతా సంఘం వారి చలవ సార్,” అంది తరళ.

ఇందువలన గ్రహించవలసినది: ప్రాణం కాపాడే మాటకు ఆమోదం దొరకని చోట, ప్రాణం తీసేంత ఉపన్యాసాన్ని ఆశ్రయించడమే క్షేమం.