పులిని వెనక్కి పంపిన కొండగొర్రె

ఒక పెద్ద అడవిలో ఉద్యోగాలు తక్కువ, ఉద్యోగాలిచ్చే కమిటీలు ఎక్కువ. ఆ అడవిలో పోలయ్య అనే కొండగొర్రె ఉండేవాడు. నోట్లో నాలుక లేనివాడు, ఆకు రాలినా ఉలిక్కిపడేవాడు. భార్య గవరమ్మకు నెలలు నిండాయి. వానాకాలం నెత్తిమీదకొచ్చింది. ఉండేదేమో ముళ్లపొద.

"ఈ పొదలో కంటే పిల్ల తడిసి చస్తుందయ్యా. ఏదైనా గూడు చూడు" అని గవరమ్మ రోజూ పోరేది. పాపం, ఆవిడ బాధ ఆవిడది.

అంతలో అడవి మండలి చాటింపు వేయించింది. ఉప్పునేల నాకడానికొచ్చే జంతువులను తోసుకోకుండా వరుసలో నిలబెట్టే గుమాస్తా కావాలట. జీతంతో పాటు పొడి గుహ కూడా ఇస్తారట. బయోడేటా తప్పనిసరి.

పోలయ్య గోరింక కాంతామణి దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ పట్నంలో ఉద్యోగాలిప్పించే ఆఫీసు ఏసీ డబ్బా వెనక కాపురం చేసి వచ్చింది. అడవిలో ఎవరి బయోడేటా అయినా టేకాకు మీద ఆవిడ ముక్కుతో గీకాల్సిందే. ఫీజు కింద వీపు మీది పిడుదులన్నీ ఏరుకు తింటుంది.

"ఇన్నాళ్లూ ఏం చేశావు?" అంది వీపెక్కి కూర్చుని.

"గడ్డి మేశానమ్మా."

"'పచ్చదనం నిర్వహణలో అపార అనుభవం.' ఇంకా?"

"చప్పుడైతే పారిపోతాను."

"'క్షణాల్లో నిర్ణయం తీసుకోగలరు.' ఇంకా? ఏదైనా గట్టిది చెప్పు నాయనా."

పోలయ్య గిట్టతో బుర్ర గోక్కున్నాడు. "ఓసారి వాగు దగ్గర పులి ఎదురైంది. భయంతో కాళ్లు కదల్లేదు. దానికి కడుపు నిండుగా ఉందేమో, ఆవలించి వెళ్లిపోయింది."

కాంతామణి కళ్లు మెరిశాయి. "'పులికి ఎదురు నిలిచారు. ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. పులే వెనుదిరిగింది.'"

"అమ్మో, అబద్ధం కదమ్మా!"

"ఇందులో ఏ ముక్క అబద్ధమో చూపించు."

పోలయ్య ఎంత వెతికినా దొరకలేదు.

ఇంటర్వ్యూకి ఏనుగు అధ్యక్షుడు, దుమ్ములగొండి కార్యదర్శి. నిజానికి ఆ గుమాస్తా పని ఏనుగుగారి బావమరిదికి ఎప్పుడో ఖాయమైపోయింది. అయినా ఇంటర్వ్యూ పెట్టకపోతే మండలి పరువేం కావాలి?

"అయిదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు?" అని ఏనుగు కళ్లు మూసుకునే అడిగింది.

"ప్రాణాలతో ఉంటే చాలండీ" అన్నాడు పోలయ్య.

"చూశారా! ప్రాణానికి తెగించినవాడి మాట!" అంటూ దుమ్ములగొండి టేకాకు తిప్పింది. పులి సంగతి చదవగానే ఎగిరి గంతేసింది. "అయ్యా, ఇతన్ని గుమాస్తాను చేస్తే ప్రతిభను అవమానించినట్టే. వాగు అవతల పులిదొర దగ్గరికి రాయబారిగా పంపుదాం."

వాగు అవతలి అడవికి కొత్తగా పులిదొర వచ్చాడు. బండ వెనక నుంచి ఆజ్ఞలివ్వడమే గానీ ఎవరికీ కనబడడు. వాగు నీళ్లు ముట్టుకోవద్దని ఇవతలివాళ్లకు కబురుపెట్టాడు. వెళ్లి నీళ్ల సంగతి మాట్లాడి రావడానికి మండలిలో ఒక్కడికీ ధైర్యం లేదు.

"అయ్యా, నేను వరుసలు చూసుకుంటానండీ" అని పోలయ్య గింజుకున్నాడు. ఆ వినయానికి కమిటీ మరీ ముచ్చటపడింది. బయోడేటాను అడవంతా చాటింపు వేయించింది. పొదలో గవరమ్మ కూడా వింది. "ఇంతటివాడివని నాతో ఒక్కనాడైనా అన్నావా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

పోలయ్య చచ్చీ చెడీ వాగు దాటాడు. బండ ముందు నిలబడి గిట్టతో నేల తట్టాడు.

"ఎ... ఎవరది?" అని లోపల నుంచి గొంతు.

"రా... రాయబారినండీ."

బండ వెనక నుంచి ఓ అడవిపిల్లి వచ్చి కాళ్ల మీద పడింది. "బాబ్బాబూ, నన్నేం చేయకు! పులినే తరిమినవాడివట, నేనెంత!"

"పులిదొరేడీ?" అన్నాడు పోలయ్య బిత్తరపోయి.

"నేనే బాబూ. ఇక్కడ దొర పదవి ఖాళీగా ఉంటే గోరింకమ్మ చేత రాయించాను. 'పులి కుటుంబీకులు, చారలు కలవు' అని రాసింది. నిజమే కదా, చూడు" అంటూ కాలెత్తి సన్నటి చారలు చూపించింది. "నీకూ ఆవిడేనా?"

"ఆవిడే" అని పోలయ్య కూలబడ్డాడు. ఇద్దరూ కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, ఒప్పందం రాసుకున్నారు. పొద్దున నీళ్లు ఇవతలికి, సాయంత్రం అవతలికి. ఒకరి గుట్టు ఒకరు విప్పకూడదు.

మండలి పోలయ్యకు సన్మానం చేసింది. అడిగిన గుహా ఇచ్చింది. అంతా పొడే. కాకపోతే అది వాగు ఒడ్డున, పులిదొర బండకు సరిగ్గా ఎదురుగా ఉంది. రాయబారి అక్కడ ఉండకపోతే ఎక్కడుంటాడు!

గవరమ్మ ససేమిరా అంది. "పులి పక్కన పురుడా? నేను రాను. తడిసినా ఈ పొదే నయం."

చినుకులు మొదలయ్యాయి. నొప్పులూ మొదలయ్యాయి. పోలయ్యకు గుట్టు విప్పక తప్పలేదు. చుట్టూ చూసి, ఆవిడ చెవిలో, "అది పులి కాదే, పిల్లి! నేనూ ఏ పులినీ తరమలేదే! నా మాట విని లేవే!" అని బతిమాలాడు.

గవరమ్మ అతన్ని జాలిగా చూసింది. "అంతమంది పెద్దలు చదివి ఒప్పుకున్నాక నువ్వు కాదంటే నేను నమ్మాలా? నన్ను గుహకి లాక్కెళ్లడానికి ఎన్ని కల్లబొల్లి కబుర్లు చెబుతావయ్యా!"

ఆ వానలోనే, ఆ పొదలోనే ఆవిడ పిల్లను కంది. తడవకుండా పోలయ్య రాత్రంతా దాని మీద వంగి నిలబడ్డాడు. పిల్ల బతికింది. గుహ ఖాళీగానే ఉంది.

నీతి: బయోడేటా ఊరంతా నమ్మేలా రాయించుకోవచ్చు గానీ, ఇంటావిడ మాత్రం నమ్మకుండా చూసుకోవాలి.