మూడో దొప్ప

ఒక పెద్ద అడవిలో, పేరుకు పులి రాజ్యం, పనికి నక్క పెత్తనం. చాలా అడవుల్లో ఇంతే కాబట్టి దాని పేరు చెప్పడం అనవసరం.

ఆ అడవిలో విందుల శాఖ అని ఒకటుండేది. అందులో పానీయాల మేనేజరు గురవయ్య అనే పునుగుపిల్లి. పునుగుపిల్లికి కల్లంటే ప్రాణమని ఎరగనివారు లేరు. తాటిచెట్టెక్కి, పైన కట్టిన కల్లు లొట్లు ఖాళీ చేసే జాతి. గురవయ్య మాత్రం చుక్క ముట్టడు. అందుకే ఉద్యోగం ఇచ్చారనుకునేరు, అది మేనమామ సిఫారసు మీద వచ్చింది. ముట్టకపోవడం తర్వాత అలవాటైంది. వెయ్యిమంది తాగుతుంటే పక్కన నిలబడి చూసినవాడికి ఇక తాగబుద్ధి కాదు.

మేనేజరంటే దొప్పల్లో కల్లు పోసేవాడని అందరూ అనుకుంటారు. పోయడం కోతులకూ వచ్చు. ఎవరికి ఎక్కడ ఆపాలో తెలియడమే పని. గురవయ్య ఏనుగు చెవులు చూసేవాడు. ఊగే చెవులు ఆగాయంటే ఒక దొప్ప ఎక్కువైనట్టు. అడవిదున్న చిన్ననాటి స్నేహితులను తలుచుకుని ఏడిస్తే రెండు ఎక్కువైనట్టు. నెమలి సంగతి వేరు. అది తాగకపోయినా ఆడుతుంది, దాన్ని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

ఇన్ని తెలిసినా, అతని అసలు కిటుకు మూడో దొప్పలో ఉంది. మొదటి రెండూ నికార్సయిన కల్లు. మూడోదాని నుంచి మత్తెక్కించని నీరా. లోపల సున్నం పూసిన లొట్టిలో పొద్దున్నే దింపిన నీరా పులవకుండా తియ్యగా, చల్లగా ఉంటుంది. రెండు దొప్పలు పడ్డ నాలుక తేడా కనిపెట్టలేదు. కనిపెట్టినా, "ఈ లొట్టి భలే ఉందోయ్!" అంటుంది. అందుకే ఇరవై ఏళ్ళుగా ఆ అడవి విందుల్లో ఒక్క కొమ్ము విరగలేదు.

గొడవే జరగకపోతే, దాన్ని ఆపుతున్నవాడొకడు ఉన్నాడని ఎవరికీ తోచదు. అదే వచ్చిన చిక్కు.

ఏటా వేసవి మొదట్లో పొరుగడవి రాజైన ఏనుగు పరివారంతో విందుకు వచ్చేది. సరిహద్దు వాగు నీళ్ళు ఈ ఏడాదికి చెరిసగం అని, తొండం బురదలో ముంచి ఒక బండ మీద ముద్ర వేసి పోయేది. ముద్ర పడలేదా, ఎగువనున్న ఏనుగులు వాగుకు అడ్డంగా పడుకుంటాయి. దిగువనున్న ఈ అడవి ఆకుల మీది మంచు నాకి బతకాలి.

ఆ ఏడు ఏనుగు రావడానికి వారం ముందు పులిగారి పుట్టినరోజు వచ్చింది. ఆ విందులో కార్యదర్శి జగ్గారావు, అంటే నక్క, మూడో దొప్ప అందుకుని తాగకుండా వాసన చూశాడు. జగ్గారావుకు వరసకు బావమరిది ఒక తోడేలు. దానికి ఉద్యోగం లేదు. వాసన చూడటానికీ దీనికీ సంబంధం లేదని జగ్గారావే చెప్పాడు కాబట్టి నమ్ముదాం.

మర్నాడు కొలువులో లేచి అరిచాడు. "ప్రభూ, కల్తీ! కల్లని చెప్పి తియ్యనీళ్ళు పోస్తున్నాడు!"

"నిజమేనా గురవయ్యా?" అంది పులి.

"నిజమే ప్రభూ. మూడోది కూడా కల్లే పోస్తే నాలుగోదానికి నెత్తురు కళ్ళజూస్తారు."

"చూశారా, పైగా బెదిరింపు!" అన్నాడు జగ్గారావు.

మంత్రి అడవిదున్న మెల్లగా లేచింది. "అంటే... పోయినేడు తొమ్మిది దొప్పలు తాగి కూడా నిటారుగా నిలబడ్డానని అడవంతా చెప్పుకున్నానే. అందులో ఏడు నీరాయా?"

సభలో చాలామంది నేల చూపులు చూశారు. మోసాన్ని క్షమించేవాళ్ళుంటారు గానీ పరువు తీసినవాణ్ణి క్షమించేవాళ్ళుండరు.

పులి తీర్పు చెప్పింది. "ఏనుగుగారి విందు తోడేలు చూసుకుంటుంది. అది సజావుగా జరిగితే నువ్వు అక్కర్లేదని తేలినట్టే. మర్నాడే పెళ్ళాం పిల్లలతో అడవి దాటు."

విందు రోజు గురవయ్య తాటిమట్టల మధ్య కూర్చుని చూస్తున్నాడు. కింద తోడేలు ప్రతి లొట్టికీ 'స్వచ్ఛమైన కల్లు' అని ఆకు కట్టింది. వద్దనుకుంటూనే గురవయ్య ఏనుగు చెవులు చూశాడు. నాలుగో దొప్పకు ఆగాయి.

"ఆపరా, ఆపు," అని గొణుక్కున్నాడు.

తోడేలు ఆపలేదు. మర్యాద కోసం అతిథి పక్కనే కూర్చుని తనూ తాగుతోంది.

ఆరో దొప్పకు ఏనుగు, "అసలు మా వాగులో మీరు మూతి పెట్టడమేమిటి?" అంది.

"మీ వాగా? మా ముత్తాత పళ్ళు తోముకున్న వాగు!" అంది పులి.

అడవిదున్న ఏడుపు మానేసి గిట్టతో మట్టి గీరింది. ఏనుగు ముద్ర వేయాల్సిన బండనే తొండంతో పైకెత్తింది.

పొదలోంచి జగ్గారావు గొంతు వినిపించింది. "గురవయ్యా! బాబ్బాబు, దిగవయ్యా!"

"నేనెందుకండీ? కల్తీగాణ్ణి కదా."

"అవన్నీ తర్వాత! ముందు ఆ బండ దింపించు నాయనా!"

కాసేపు కొట్టుకు చావనిద్దామనిపించింది గురవయ్యకు. కాని తన పిల్లలు తాగేదీ ఆ వాగు నీళ్ళే. ఉద్యోగం పోయినా చెయ్యి ఊరుకోక, పొద్దున్నే నీరా దింపి ఉంచాడు. లొట్టి ఒకటి భుజానికెత్తుకుని గొంతు చించుకున్నాడు.

"తప్పుకోండి, తప్పుకోండి! రాచలొట్టి వస్తోంది! రాజులకు మాత్రమే! చిల్లర జనం దూరం!"

ఏనుగు బండ ఎత్తింది ఎత్తినట్టే ఉండి, "ఏమిటోయ్ అది?" అంది.

"చెప్పేది కాదు ప్రభూ, తాగేది. కాకపోతే కూర్చుని తాగాలి. తొండంలో ఏమీ ఉండకూడదు. ఆచారం."

బండ దిగింది. పులి కూడా ఏమీ ఎరగనట్టు వచ్చి పక్కనే చతికిలబడింది.

"నాకు లేదా?" అంది అడవిదున్న.

"తమరు పెద్దల్లోకి వస్తారా?"

"చూస్తే తెలియడం లేదుటయ్యా!" అని దున్న కూడా కాళ్ళు మడిచి కూర్చుంది.

మధ్యాహ్నానికి చెవులు ఊగాయి. సాయంత్రానికి ముద్ర పడింది.

గురవయ్య ఉద్యోగం గురవయ్యకు వచ్చింది. తోడేలుకు అనుభవం వచ్చింది కాబట్టి సలహాదారును చేశారు. రాచలొట్టి పెద్దలకు తప్ప ఎవరికీ పోయరాదని జగ్గారావే తీర్మానం పెట్టాడు.

మరుసటేటి నుంచి పెద్దలు మొదటి దొప్ప నుంచే రాచలొట్టి కావాలని పట్టుబట్టారు. మిగిలిన నికార్సయిన కల్లంతా కుందేళ్ళకూ ఎలుకలకూ ఉడతలకూ వదిలేశారు. అవి గంతులేసి పాడుతుంటే, పెద్దలు నీరా చప్పరిస్తూ, "పాపం, వాటికి ఈ భాగ్యం ఎక్కడిది!" అని జాలిపడ్డారు.

నీతి: అందరికీ పోస్తే కల్తీ, పెద్దలకు మాత్రమే పోస్తే గౌరవం.