చవక మార్ట్ మహాత్మ్యం

మనశ్శాంతి కోసం గురువుల చుట్టూ, యోగా క్లాసుల చుట్టూ తిరిగేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. మా వెనక వీధిలో కొత్తగా చవక మార్ట్ తెరిచారు. అక్కడికి వెళ్లి ఓ సబ్బు కొనుక్కుని రండి చాలు. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను!

ఇదివరకు మేమూ అందరిలాగే పెద్ద సూపర్‌మార్కెట్‌కి వెళ్లేవాళ్లం. చల్లగాలి, సన్నగా సంగీతం, తోస్తే చప్పుడు చేయని బండ్లు. పైగా మా ఆవిడ అక్క, అంటే మా వదిన, చాలా ఏళ్లుగా అక్కడ కౌంటర్‌లోనే పనిచేస్తోంది. ఆ జీతం మీదే ఆవిడ ఇల్లు గడుస్తోంది. మేం వెళితే బిల్లు కొడుతూనే ఇంట్లోవాళ్ల సంగతులన్నీ అడిగేది.

కానీ ఆ పెద్ద కొట్టు వల్ల మా కాపురానికి ఎంత ముప్పు వచ్చిందో మీకు తెలీదు. అక్కడ టూత్‌పేస్టులకి ఓ గోడ మొత్తం కేటాయించారు. తెల్లగా చేసేది, ఇంకా తెల్లగా చేసేది, చిగుళ్లకి ఒకటి, చిగుళ్లు పోయినవాళ్లకి ఇంకొకటి! ఆ గోడ ముందు నిలబడి మా ఆవిడా నేనూ మొదలుపెట్టిన చర్చ పేస్టు దాటి, మా చెల్లెలి పెళ్లిలో ఎవరు ఎవర్ని పలకరించలేదన్న దాకా వెళ్లింది. ఆ రోజు పేస్టు కొనకుండానే ఇంటికొచ్చాం.

చవక మార్ట్‌లో ఆ పీడ లేదు. ఒకటే పేస్టు. ఇష్టమైతే తోముకో, కష్టమైతే మానుకో. పోట్లాడుకోవడానికి ఏముంది? కాపురాలు నిలబెట్టే కొట్టుని పట్టుకుని చవక కొట్టు అనడానికి జనానికి నోరెలా వస్తుందో!

ఇక ఆరోగ్యం సంగతి. అక్కడ సరుకుని అలమరల్లో అందంగా సర్దరు. వచ్చిన అట్టపెట్టె వచ్చినట్టే ఉంటుంది. మనమే వంగాలి, మనమే చించాలి, అడుగున ఉన్నదాన్ని మనమే పైకి లాగాలి. జిమ్‌కి డబ్బు కట్టి బరువులెత్తే మేధావులారా, ఇక్కడ ఎత్తిన బరువు ఇంటికి కూడా పట్టుకెళ్లొచ్చు!

విజ్ఞానం కావాలా? మధ్య వరుసలోకి వెళ్లండి. ఈ వారం తుప్పు గీకే మిషను, వచ్చే వారం గుర్రపు స్వారీ టోపీ. నేను గుడ్ల కోసం వెళ్లి టెంటు తెచ్చాను. మేం ఉండేది మూడో అంతస్తు.

"ఎక్కడ వేస్తారు దీన్ని?" అంది మా ఆవిడ.

"సగం ధరకే వచ్చింది!"

"గుడ్లేవీ?"

అన్నిటికంటే గొప్పది అక్కడి కౌంటర్. కొట్టు మొత్తానికి ఒక్కటే కౌంటర్, ఒక్కరే మనిషి. బిల్లు కొట్టేది ఆవిడే, పెట్టెలు మోసేది ఆవిడే, సీసా పగిలితే తుడిచేది ఆవిడే. వెనక సరుకు లారీ వచ్చి బెల్లు కొడితే బిల్లు మధ్యలో ఆపి పరిగెత్తేదీ ఆవిడే. క్యూ గుమ్మం దాకా వస్తుంది. రానివ్వండి! ఓర్పు ఇంకెక్కడ నేర్చుకుంటాం మనం?

తిరిగొచ్చాక చూడాలి ఆ వేగం! మన సంచి తెరిచేలోపు సరుకంతా మన మీదికి వచ్చి పడుతుంది. నిమిషానికి ఇన్ని అని లెక్కుందట, తగ్గితే మేనేజరు పిలిచి మాట్లాడతాడట. ఆ మాట విన్నప్పుడు నేను చంకలు గుద్దుకున్నాను. ఈ దేశానికి కావలసింది ఇదే కదా, క్రమశిక్షణ!

ఒక్కటే చిక్కు. మేం కొట్టు మార్చామని తెలిస్తే వదిన నొచ్చుకుంటుంది. ఆవిడ ప్రతి ఆదివారం మా ఇంటికొస్తుంది. అందుకని శనివారం సాయంత్రం నేనూ మా ఆవిడా తలుపేసుకుని పనిలోకి దిగేవాళ్లం. చవక బిస్కెట్లు పాత డబ్బాలోకి, చవక షాంపూ పాత సీసాలోకి, చవక కాఫీపొడి పాత జాడీలోకి. టెంటు మంచం కిందకి. దొంగనోట్లు అచ్చేసేవాళ్లు కూడా అంత శ్రద్ధగా పనిచేసి ఉండరు.

పోయిన నెల ఓ ఆదివారం వదిన మెట్లెక్కి వచ్చి, మోకాలు పట్టుకుని కూర్చుంది. ఓ బిస్కెట్ కొరికి, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరిదిగారూ, ఈ రకం మా దగ్గర ఆపేసి రెండేళ్లయింది."

నేను ఫ్యాన్ వైపు చూశాను. మా ఆవిడ నా వైపు చూసింది, నేరమంతా నాదే అన్నట్టు.

"ఎందుకే దాచడం?" అని నవ్వేసింది వదిన. "నేనూ అక్కడే కొంటున్నా. మా కొట్టు ఇచ్చే జీతంతో మా కొట్లో కొనగలమా?"

మేమూ నవ్వాం. హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.

"మా కొట్లో జనం తగ్గిపోయారు," అంది వదిన, కాఫీ కలుపుకుంటూ. "కౌంటర్లు సగం మూసేశారు. నన్ను కూడా ఈ నెలాఖరుతో మానెయ్యమన్నారు."

చేతిలో బిస్కెట్ మళ్లీ డబ్బాలో పెట్టేశాను. జనం తగ్గారంటే ఎవరో కాదు కదా, మేమే! ఆవిడ మనసు నొచ్చుకోకూడదని డబ్బాలు మార్చామే గానీ, ఆవిడ ఉద్యోగం సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

"చవక మార్ట్‌లో మనిషి కావాలని బోర్డు పెట్టారు. వెళ్లి అడుగుదామనుకుంటున్నా. మీరు రోజూ వెళ్తారుగా, పనెలా ఉంటుందంటారు?"

ఇంత సేపూ మీకు చెప్పిన గొప్పలన్నీ నాలుక చివరే ఉన్నాయి. వాటిలోంచి వెతికి వెతికి ఒకటి తీశాను.

"క్రమశిక్షణ... బాగా ఉంటుంది వదినా," అన్నాను.

"షిఫ్టుకి ఎంతమంది ఉంటారు?"

"నువ్వొక్కదానివే అక్కా," అంది మా ఆవిడ, కళ్లు దించుకుని.

వదిన చేరింది. నిన్న వెళ్లాను. క్యూ గుమ్మం దాటింది. నా వంతు వచ్చాక, "మోకాలు ఎలా ఉంది వదినా?" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "ఇప్పుడు కాదు మరిదిగారూ. మాట్లాడితే నా స్పీడు పడిపోతుంది."

ఇంతలో వెనక లారీ బెల్లు మోగింది. వదిన కౌంటర్ అంచు పట్టుకుని లేచి, కుంటుకుంటూనే పరుగు తీసింది.

"ఇంకొకర్ని పెట్టి చావొచ్చుగా!" అని విసుక్కున్నాడు నా వెనకాయన.

ఇంకొకర్ని పెడితే ధర పెరుగుతుందని ఆయనకి విడమరిచి చెప్పాను. ఆయన టక్కున ఒప్పుకున్నాడు. ఇద్దరం సంచులు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాం.

మీరూ తప్పకుండా వెళ్లండి. అన్నీ సగం ధరే! కౌంటర్‌లో మా వదిన ఒక్కతే ఉంటుంది, కాస్త తొందరపెట్టకండి.